అమెరికా వచ్చిన తెలుగు ఆడవాళ్ళ తిండి, పోషణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళయ్యి హెచ్-4 వీసా మీద వచ్చినవాళ్ళు, ఎమ్మెస్ చదవడానికి వచ్చిన అమ్మాయిలు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, కూతురి పురిటికి వచ్చిన అమ్మలు పదే పదే అడిగే ప్రశ్నలివి. మన వంటను వదులుకోమని ఈ జవాబుల్లో ఎక్కడా చెప్పను. మన వంట మనతోపాటు వచ్చింది. దాని చుట్టూ ఉన్న ఎండ, నడక, వీధిలోకొచ్చే ఆకుకూరల బుట్ట, నలుగురూ కలిసి కూర్చునే పూట మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఆ లోటు ఎక్కడెక్కడ పడుతుందో తెలిస్తే దాన్ని పూడ్చుకోవడం కష్టం కాదు. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

అక్కడ తిన్న అన్నం, పప్పు, కూరే ఇక్కడా తింటున్నాను. అయినా ఏడాది తిరక్కుండానే ఒళ్ళు చేశాను. ఎందుకు?

ఇంటి తిండి అదేగానీ రోజు మారింది. అక్కడ కూరగాయలకి, బస్సుకి, గుడికి, పక్కింటికి నడిచేవాళ్ళం. ఇక్కడ పాల డబ్బా తేవాలన్నా కారే. కారు నడపడం ఇంకా రాకపోతే భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇంట్లోనే. చలికాలంలో నాలుగు నెలలు బయటికి అడుగు పెట్టబుద్ధి కాదు.

రెండో సంగతి, అక్కడ పండక్కే చేసుకునేవి ఇక్కడ వారం వారం వచ్చిపడతాయి. శనివారం ఎవరింట్లోనో పాట్‌లక్, ఆదివారం బిర్యానీ, ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినప్పుడల్లా జంతికలు, మిక్స్చర్, కాజాలు. పెరుగు పాకెట్టు స్థానంలో పెద్ద డబ్బా, అరలీటరు పాలకి బదులు గ్యాలను క్యాను. జ్యూస్, ఫ్లేవర్డ్ యోగర్ట్, బ్రెడ్డు, కొన్ని సాస్‌లలో కూడా చక్కెర ఉంటుంది. డబ్బా వెనక లేబుల్‌లో ‘యాడెడ్ షుగర్స్’ అనే వరుస చూడండి.

శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లోని దక్షిణాసియావాళ్ళ మీద 2010లో మొదలైన ‘మసాలా’ అధ్యయనంలో, వేపుళ్ళు, మిఠాయిలు, వెన్న ఎక్కువున్న పాల పదార్థాలు ఎక్కువగా తినేవాళ్ళలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువ కనిపించింది. అంటే ముందు తగ్గించాల్సింది పప్పన్నాన్ని కాదు, టీవీ ముందు పెట్టుకునే చిరుతిళ్ళ గిన్నెని. భోజనమయ్యాక పావుగంట నడవండి. బయట మంచుంటే ఇంట్లోనే మెట్లెక్కి దిగినా, మాల్‌లో తిరిగినా చాలు.

డాక్టరు చార్ట్ చూసి ‘మీ బరువు నార్మల్’ అన్నారు. ఇక చింత లేనట్టేనా?

ఆ చార్ట్‌లో బీఎమ్ఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 25 దాటితేనే బరువు ఎక్కువ అంటారు. మన ఒంటి తీరు వేరు. చెయ్యీ కాలూ సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలున్నవాళ్ళకి బీఎమ్ఐ 23 దగ్గరే షుగర్ పరీక్ష మొదలుపెట్టమంటోంది. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి 23 అంటే సుమారు 57 కిలోలు, 25 అంటే 62 కిలోలు. ఆ 5 కిలోల మధ్యలో ఉన్న మనవాళ్ళెందరో ‘నార్మల్’ అనుకుంటూ ఉండిపోతారు. నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే 31 అంగుళాల పైన ఉందా అని టేపుతో చూసుకోండి. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే మీరే నోరు తెరిచి హెచ్‌బీఏ1సీ పరీక్ష (మూడు నెలల షుగర్ సగటు చూపేది) అడగండి.

వచ్చిన మొదటి ఏడాది ఏ రక్తపరీక్షలు చేయించుకోవాలి?

హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపేది), బి12, థైరాయిడ్, కొలెస్ట్రాల్. అలసట, ఒళ్ళు నొప్పులుంటే విటమిన్ డి కూడా. ఏడాదికోసారి చేసే చెకప్‌కి చాలా ఇన్సూరెన్సుల్లో కో-పే (మన జేబులోంచి కట్టే వాటా) ఉండదు గానీ, ఈ పరీక్షలన్నీ అందులోకి రాకపోవచ్చు. రక్తమిచ్చే ముందే ఇన్సూరెన్సువాళ్ళని అడిగితే తర్వాత బిల్లు చూసి గుండె జారదు.

విటమిన్ డి గురించి అందరూ చెబుతారు. పాలు తాగితే సరిపోదా?

అమెరికాలో అమ్మే పాలల్లో విటమిన్ డి కలుపుతారు, గ్లాసుకి 100 నుంచి 120 యూనిట్లు. రోజుకి కావాల్సింది 600. అంటే రెండు గ్లాసులు తాగినా సగానికి రాదు. ఆ పాలతో ఇంట్లో తోడేసిన పెరుగులో కూడా అది ఉంటుంది, కొన్న పెరుగులో మాత్రం ఉందో లేదో లేబుల్ చూడాల్సిందే.

మిగతాది ఎండ ఇవ్వాలి. హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశంలో ఉంది, న్యూజెర్సీ 40 డిగ్రీల్లో. అంత ఉత్తరాన చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు. ఎండ కనిపిస్తుంది గానీ చర్మంలో విటమిన్ డి తయారు చేసే కిరణాలు దాదాపు చేరవు. పైగా మన ఛాయకి తెల్లవాళ్ళకన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. డాలస్, హ్యూస్టన్‌లలో ఉన్నవాళ్ళకి ఎండ కొదవ లేకపోయినా ఏసీ కారు నుంచి ఏసీ ఇంట్లోకే కదా జీవితం.

ఒక జాగ్రత్త. ఇండియాలో 60,000 యూనిట్ల సాచెట్లు వారానికొకటి చొప్పున రాస్తారు. వాటిని సామానులో తెచ్చుకుని, ఇక్కడి బిళ్ళల్లాగే రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. డాక్టరు చెప్పకుండా రోజుకి 4,000 యూనిట్లు దాటకూడదు.

మేం శాకాహారులం. పాలు, పెరుగు బాగానే తీసుకుంటాం. బి12 ఎందుకు తగ్గింది?

పెద్దవాళ్ళకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు కావాలి. గ్లాసు పాలలో దాదాపు 1.2 ఉంటుంది. లెక్క ప్రకారం రెండు గ్లాసులు చాలు. నిజంగా తాగుతున్నదెంత? కాఫీలో పోసే పావు గ్లాసు, మజ్జిగలో కలిసే రెండు గరిటెల పెరుగు. బాదం పాలకి మారినవాళ్ళకైతే అందులో బి12 కలిపి ఉంటేనే దక్కుతుంది. పిండి పులిస్తే ఇడ్లీలో బి12 వస్తుందని, స్పిరులినాలో ఉంటుందని చెబుతారు. వాటిని నమ్ముకోవద్దు. గుడ్డు తినేవాళ్ళకి కొంత నయం.

అరికాళ్ళలో తిమ్మిరి, నాలుక మంట, మతిమరుపు, ఏ పనీ చేయకుండానే నీరసం, ఇవన్నీ బి12 లోటు వల్ల రావచ్చు. ఇంటిబెంగ అనుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు. నరాలు దెబ్బతింటే తిరిగి బాగుపడటం కష్టం. షుగర్‌కో పీసీఓఎస్‌కో (అండాశయాల్లో హార్మోన్ల సమస్య) మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే బి12 ఇంకా తగ్గుతుంది కాబట్టి ఏటా పరీక్ష చేయించుకోండి. సొంతంగా వేసుకునే బి12 బిళ్ళ ఖరీదు కూడా తక్కువే.

రక్తం తక్కువుందన్నారు. గోంగూర, బెల్లం తింటే పెరుగుతుందా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మనలో చాలామంది ఆ లోటుతోనే విమానం ఎక్కుతున్నాం. నెలసరి వచ్చే వయసులో రోజుకి 18 మిల్లీగ్రాముల ఇనుము, కడుపుతో ఉంటే 27 కావాలి. బెల్లం ముక్కతో అది తీరదు. ఆకుకూర మంచిదే, కాని అందులోని ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే. అలసందలు, ఉలవలు, శనగలు, నువ్వులు రోజూ ఏదో ఒక రూపంలో కంచంలో ఉండాలి, పైన నిమ్మకాయ పిండాలి. మాంసం తినేవాళ్ళు మేక మాంసం, కాలేయం తినొచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళు కాలేయం మానాలి, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటే చాలామందికి అడ్డు. గంట ఆగండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ ఐరన్, కాల్షియం బిళ్ళలకీ మధ్య 4 గంటలు ఎడం పాటించాలి.

మూడు నెలలు ఐరన్ వాడినా హిమోగ్లోబిన్ కదలకపోతే తిండిని నిందించుకుంటూ కూర్చోవద్దు. నెలసరిలో ఎక్కువ రక్తం పోతోందా, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు) ఉన్నాయా, తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త సమస్య) లక్షణం ఉందా అని డాక్టరును వెతకమనండి. ‘నెలసరి కదా, ఎక్కువే పోతుంది’ అని అమ్మలు చెప్పిన మాట పట్టుకుని ఎంతోమంది ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఓర్చుకుంటున్నారు. అది ఓర్చుకోవాల్సిన సంగతి కాదు.

ఉప్పులో తేడా ఏముంటుంది?

చాలా ఉంది. మన దేశంలో 2006 నుంచి వంటకి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదని నిబంధన. అమెరికాలో అలాంటి నిబంధన లేదు. కోషర్ సాల్ట్, సీ సాల్ట్, గులాబీ రంగు హిమాలయన్ సాల్ట్ అందంగా ఉన్నాయని తెచ్చుకుంటాం, వాటిలో సాధారణంగా అయోడిన్ కలపరు. పొట్లం మీద ‘అయొడైజ్డ్’ అని ఉన్నది కొనండి. అన్నిటికన్నా చవక కూడా అదే. కడుపుతో ఉన్నవాళ్ళకి, పాలిచ్చేవాళ్ళకి ప్రీనేటల్ (గర్భిణుల విటమిన్) బిళ్ళలో 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలి. ఉండని బ్రాండ్లు చాలా ఉన్నాయి, సీసా తిప్పి చదవండి. థైరాయిడ్ జబ్బుంటే డాక్టరుతో చెప్పాకే.

ఉప్పు మొత్తం రోజుకి టీస్పూను మించకూడదు. ఆవకాయ, అప్పడాలు, పొడి, మజ్జిగ మిరపకాయలు ఒకే పూట వేసుకుంటే అక్కడికే అది దాటిపోతుంది.

తోటకూర, బచ్చలి, గోంగూర దొరకవు. దొరికినా ఖరీదు. ఎలా?

ఇండియన్ స్టోర్ ఒక్కటే దారి కాదు. చైనీస్ దుకాణాల్లో ‘యిన్ చాయ్’ అని అమ్మేది తోటకూరే, అందులో ఎర్రచారల రకం కూడా దొరుకుతుంది. కరీబియన్ దుకాణాల్లో దాని తోబుట్టువునే ‘కలాలూ’ అంటారు. బర్మా వాళ్ళకి గోంగూర అంటే ప్రాణం. వాళ్ళ కొట్టుంటే ‘చిన్ బౌంగ్’ అని అడగండి. మలబార్ స్పినాచ్ అంటే మన బచ్చలి.

ఇక్కడి ఆకులతో మన వంట చేసుకోవడానికి సంకోచించొద్దు. కేల్‌ని సన్నగా తరిగి పెసరపప్పుతో వేపుడు చేస్తే బాగుంటుంది. మస్టర్డ్ గ్రీన్స్ చేదు చింతపండు పులుసుకి సరిపోతుంది. పాలకూర పప్పు ఎలాగూ ఉంది. ఫ్రోజెన్ కూరగాయలని చిన్నచూపు చూడొద్దు. కోసిన కొద్ది గంటల్లో గడ్డకట్టిస్తారు గనుక పోషకాలు బాగానే నిలుస్తాయి. ఫ్రోజెన్ మునగాకు, బెండకాయ, గోరుచిక్కుడు ఫ్రీజర్లో ఉంటే మంచు కురిసే వారంలో ప్రాణం లేచొస్తుంది.

పెరడు ఉంటే చలి పూర్తిగా పోయాక గోంగూర విత్తండి. టెక్సాస్‌లోనే కాదు, న్యూజెర్సీ ఎండాకాలంలో కూడా నిలువెత్తు పెరుగుతుంది. అపార్ట్‌మెంటు బాల్కనీలో మెంతికూర కుండీ చాలు, మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది.

అన్నం మానేసి చపాతీ తినాలా? మిల్లెట్స్ మంచివా?

మధ్యరకం చపాతీలు మూడు తింటే కప్పు అన్నంలో ఉన్నంత పిండిపదార్థం వచ్చేస్తుంది. అన్నం మానేశానని నాలుగు చపాతీలు తినేవాళ్ళకి షుగర్ తగ్గదు. కొర్రలు, జొన్నలు పీచు ఎక్కువ కాబట్టి మంచివే, వాటికీ కొలత ఉంది. వండిన అన్నం పూటకి ఒక కప్పు పెట్టుకుని, పప్పు, కూర అంతకంటే ఎక్కువ పెట్టుకోండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ధాన్యం నుంచి వచ్చే శక్తి 45 శాతం మించొద్దనే చెబుతున్నాయి. మన కంచంలో అది చాలా ఎక్కువ.

55 కిలోల మనిషికి రోజుకి కనీసం 44 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో 6, గ్లాసు పాలలో 8, చిన్న డబ్బా గ్రీక్ యోగర్ట్‌లో 15 దాకా ఉంటుంది. పప్పు చిక్కగా వండితేనే లెక్కలోకి వస్తుంది, పప్పుచారు రాదు.

ఇక్కడ పండిన తెల్ల బియ్యం చాలావరకు ‘ఎన్‌రిచ్డ్’, అంటే విటమిన్లు, ఇనుము పైపూతగా కలిపినవి. కడిగితే అవి పోతాయి. దిగుమతి చేసిన సోనా మసూరికి మామూలుగా ఆ పూత ఉండదు, ఎప్పటిలాగే కడుక్కోవచ్చు.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఏం చూసుకోవాలి?

ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఇవాళే మొదలుపెట్టండి. కడుపు పండిందని తెలిసేసరికే బిడ్డ వెన్నుపాము ఏర్పడే దశ దాటిపోతుంటుంది. అమెరికాలో 1998 నుంచి ఎన్‌రిచ్డ్ మైదా, బ్రెడ్లలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. మనం వాడే చపాతీ పిండి, సోనా మసూరి దాని కిందికి రావు. అమెరికన్ల బ్రెడ్డుకి దక్కే ఆ రక్షణ మన కంచానికి దక్కదని గుర్తుపెట్టుకోండి.

గర్భంలో వచ్చే షుగర్ మనవాళ్ళలో ఎక్కువ. మామూలుగా 24 నుంచి 28 వారాల మధ్య పరీక్ష చేస్తారు. మీకు ముందే చేయాలా అని మొదటి విజిట్‌లోనే అడగండి. వస్తే భయపడొద్దు. డైటీషియన్ ఇచ్చే కాగితంలో టర్కీ శాండ్‌విచ్, సలాడ్ ఉంటాయి. ‘ఇవి మా ఇంట్లో వండరు, ఇడ్లీ, పెసరట్టు, పెరుగన్నంతో లెక్క వేసి చెప్పండి’ అనడం మీ హక్కు. పెసరట్టుకి ఇడ్లీ కన్నా షుగర్ తక్కువ పెరుగుతుందని మీ మీటరే చూపిస్తుంది. ప్రసవమయ్యాక 4 నుంచి 12 వారాల్లో మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. పసిబిడ్డ పనిలో దాన్ని మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

కడుపుతో ఉన్నప్పుడు వంజరం తినొచ్చా?

‘కింగ్ మాకెరల్’ని గర్భిణులు పూర్తిగా మానాలని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది, పాదరసం ఎక్కువని. మన వంజరం దాని దాయాది. ఇండియన్ స్టోర్లో ‘కింగ్ ఫిష్’ అని అమ్మే ముక్కలని ఆ తొమ్మిది నెలలూ, పాలిచ్చినన్నాళ్ళూ పక్కన పెట్టండి. కవళ్ళు, సాల్మన్, తిలాపియా, రొయ్యలు వారానికి 8 నుంచి 12 ఔన్సులు తినొచ్చు. తినాలి కూడా, బిడ్డ మెదడుకి చేప మంచిది.

బాలింత పథ్యం చేయాలా, వద్దా? అమ్మ ఒకటి చెబుతుంది, నర్సు ఇంకోటి.

పథ్యంలో నిలుపుకోవాల్సింది చాలా ఉంది. వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, నువ్వులు, పొన్నగంటి కూర, వేడి వేడి అన్నంలో నెయ్యి. అన్నిటికన్నా విలువైనది, బాలింతకి ఎవరో వండి పెట్టడం. ఆ విశ్రాంతి కోసమే అమ్మలు విజిటర్ వీసా మీద ఆరు నెలలకని ఇంత దూరం వస్తున్నారు.

వదిలేయాల్సినవి రెండే. నీళ్ళు ఇవ్వకపోవడం ఒకటి. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా తాగనివ్వాలి. నీళ్ళు తాగితే పొట్ట పెరగదు, పచ్చి ఒళ్ళు పాడవదు. రెండోది ఒంటిపూట భోజనం, కూరగాయలూ పెరుగూ మాన్పించడం. పాలు తయారవడానికి రోజుకి అదనంగా 330 నుంచి 400 క్యాలరీలు కావాలి. కారప్పొడి అన్నంతో మాత్రమే అవి తీరవు. శాకాహారి తల్లి బి12 తగ్గితే పాలలోనూ తగ్గుతుంది, బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది.

తల్లిపాలు తాగే బిడ్డకి రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయాలి. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. అందులో ఉండగల బాక్టీరియా బీజాల వల్ల పసివాళ్ళకి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పెద్దవాళ్ళకి కోపం వచ్చినా ఇక్కడ తగ్గొద్దు.

ఇంటినుంచి తెచ్చుకున్న పసుపు, పాత్రలు, ఆయుర్వేద మందులు మంచివేనా?

సీసం గురించి జాగ్రత్త పడాలి. న్యూయార్క్ నగరంలో భారతదేశం నుంచి వచ్చిన ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు 2012లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది. భస్మాలు కలిసిన మందులు గర్భంలో అసలు వద్దు. విడి పసుపు మరీ మెరిసే రంగులో ఉంటే కొనొద్దు, రంగు కోసం సీసం కలిపిన ఉదంతాలు బంగ్లాదేశ్‌లో బయటపడ్డాయి. 2025లో ఎఫ్‌డీఏ దిగుమతయ్యే కొన్ని అల్యూమినియం, ఇత్తడి పాత్రల నుంచి సీసం వంటలోకి దిగుతోందని హెచ్చరించింది. చింతపండు పులుసు, రసం స్టీలు గిన్నెలోనే కాచుకోండి.

ఒక్కరి జీతం, అద్దె, పసిబిడ్డ. మంచి తిండికి సాయం దొరుకుతుందా?

డబ్ల్యూఐసీ అనే పథకం ఉంది. గర్భిణులకి, బాలింతలకి, ఐదేళ్ళలోపు పిల్లలకి పాలు, గుడ్లు, బీన్స్, పండ్లు, కూరగాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 185 శాతంలోపు ఉండాలి. దీనికి పౌరసత్వం అక్కర్లేదు. స్టూడెంట్ వీసా కుటుంబాలు చాలా ఇందులోకి వస్తాయి. స్నాప్ అనే ఫుడ్ స్టాంపులు మాత్రం హెచ్-4, ఎఫ్-2 (స్టూడెంట్ వీసావాళ్ళ భార్య లేదా భర్త, పిల్లలకి ఇచ్చేది) వాళ్ళకి రావు. ఇమ్మిగ్రేషన్ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి గ్రీన్‌కార్డు పనిలో ఉన్నవాళ్ళు ముందు లాయర్ని ఒక మాట అడగండి.

ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో ఒక్కదాన్నే. వండుకోబుద్ధి కాదు, సాయంత్రం దాకా బిస్కెట్లే.

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికీ పెట్టి ఆఖర్న తింటారు, అందరూ లేకపోతే తనకోసం పొయ్యి వెలిగించరు. పొద్దున ఆయన బాక్సు కట్టేటప్పుడే మీకూ అదే బాక్సు కట్టుకోండి. పన్నెండున్నరకి దాన్ని తెరవండి. అదే కాంప్లెక్సులో ఇంకో తెలుగమ్మాయి ఉంటే వారంలో రెండు పూటలు కలిసి తినండి. రెండు వారాలకి మించి ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం ఉంటే అది తిండి సమస్య కాదు, డిప్రెషన్ కావచ్చు. డాక్టరుకి చెప్పండి. దానికి మందుంది.

అమ్మావాళ్ళు వస్తున్నారు. ఏం తెమ్మనాలి?

కారప్పొడులు, కూరగాయల పచ్చళ్ళు, ఎండు మిరపకాయలు తేవచ్చు. చికెన్, మటన్ పచ్చళ్ళు తేకూడదు. పచ్చి కరివేపాకు అసలు వద్దు, నిమ్మజాతి చెట్లకి చీడ తెస్తుందని ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. బియ్యం, శనగలు కూడా పురుగు భయంతో ఆపేస్తారు. విత్తనాలకి పర్మిట్ కావాలి. ‘ఫుడ్’ తెచ్చామని కస్టమ్స్‌వాళ్ళకి తప్పకుండా చెప్పమనండి. చెబితే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు, చెప్పకపోతే జరిమానా పడుతుంది.